టచ్‌ప్యాడ్ మొరాయిస్తే: జబ్బు గుర్తుపట్టడం నుంచి మూత విప్పడం దాకా

కర్సర్ కదలకపోతే అందరం మొదట చేసే పని ఒకటే. వేలిని ఇంకాస్త గట్టిగా అదిమి రుద్దుతాం. దానివల్ల లాభమేమీ ఉండదు. కర్సర్ కదిలించడానికి టచ్‌ప్యాడ్‌కి మన బలంతో పనిలేదు. ఆ నున్నటి పలక కింద అడ్డంగా, నిలువుగా సన్నటి లోహపు గీతల వల ఒకటి పరిచి ఉంటుంది. వేలు ఆనగానే ఆ చోట కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం, రవ్వంత మారుతుంది. ఎక్కడ మారిందో లోపలి చిప్ క్షణక్షణం లెక్కగట్టి కర్సర్‌ని అటు జరుపుతుంది. అందుకే పెన్ను మొనతో గీస్తే చలించదు, ఉన్ని గ్లౌజు తొడుక్కున్నా చలించదు. వేలికి తడి ఉంటే మాత్రం ఎటు పడితే అటు గెంతుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి తెలియక నేనొక ఆదివారం పూర్తిగా పోగొట్టుకున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో కర్సర్ వణికిపోతుంటే డ్రైవర్ (టచ్‌ప్యాడ్‌ని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్) మీద అనుమానపడి మూడుసార్లు తీసి మళ్లీ వేశాను. తగ్గలేదు. చివరికి విండోసే మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాను. అయినా అదే వణుకు. సాయంత్రం అలసిపోయి, ల్యాప్‌టాప్ పట్టుకుని వేరే గదిలోకి వెళ్దామని ఛార్జర్ పీకాను. వణుకు ఆగిపోయింది. తప్పు ఛార్జర్‌ది. పొద్దున్నే ఒక్కసారి తీగ పీకి చూసి ఉంటే అయిదు సెకన్లలో తేలిపోయేది.

కాబట్టి రిపేరుకి చెయ్యి పెట్టేముందు, అసలు ఏం జరుగుతోందో నిదానంగా చూడండి.

ముందు చేతిలో ఒక ఆధారం ఉండాలి

టచ్‌ప్యాడ్ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ మార్చడం ఎలా? యూఎస్‌బీ మౌస్ ఉంటే గుచ్చేయండి, గొడవ వదిలిపోతుంది. లేకపోతే కీబోర్డుతోనే నడపొచ్చు. విండోస్‌లో ఈ నాలుగూ వస్తే చాలు:

- విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అక్కడ ట్యాబ్, బాణం కీలతో కదలొచ్చు, స్పేస్‌బార్‌తో స్విచ్‌లు వేయొచ్చు, తీయొచ్చు.
- విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ నొక్కితే డివైజ్ మేనేజర్, అంటే కంప్యూటర్‌లోని పరికరాల జాబితా, వస్తుంది.
- షిఫ్ట్, ఎఫ్10 కలిపితే రైట్ క్లిక్ పని చేస్తుంది.
- ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినప్పుడు “యెస్” ఎంచుకుంటే మౌస్ కీస్ మొదలవుతుంది. కుడివైపు నంబర్ ప్యాడ్ మీది అంకెలతో కర్సర్ జరపొచ్చు, 5 నొక్కితే క్లిక్. నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లో దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

టచ్‌స్క్రీన్ ఉన్నవాళ్లకి ఈ తిప్పలేవీ లేవు.

లక్షణం చెప్పే సంగతి

“టచ్‌ప్యాడ్ పాడైంది” అనే ఒక్క మాటలో అయిదారు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. మీది ఏదో చూసుకోండి.

కర్సర్ అసలు కదలడం లేదంటే స్విచ్ ఆఫ్ అయి ఉండాలి, డ్రైవర్ పోయి ఉండాలి, లేదా లోపల తీగ ఊడి ఉండాలి. కదులుతోంది కానీ వణుకుతోందా, గెంతుతోందా? అప్పుడు తడి, జిడ్డు, ఛార్జర్, ఈ మూడింటిని ముందు అనుమానించండి. కర్సర్ బాగానే తిరుగుతూ, రెండు వేళ్ల స్క్రోలింగ్ మాత్రమే పోతే అది దాదాపు ఖాయంగా డ్రైవర్ గొడవ. విండోస్ దాన్ని టచ్‌ప్యాడ్‌గా కాక మామూలు మౌస్‌గా చూస్తోందన్నమాట. కదలిక బాగుండి క్లిక్ ఒక్కటే గట్టిపడిందా? సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, నేరుగా బ్యాటరీ భాగానికి వెళ్లి చదవండి. ఆగమంటున్నది ఊరికే కాదు, అందులో ప్రమాదం ఉంది.

కాసేపు పనిచేసి కాసేపు మానేసేది అన్నిటికన్నా విసిగిస్తుంది. ఎప్పుడు మానేస్తోందో గమనించండి. నిద్ర నుంచి లేచాకే అయితే పవర్ సెట్టింగ్. వేడెక్కాకో, ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడో అయితే లోపలి కనెక్షన్. టైప్ చేస్తున్నప్పుడు మాత్రమే కర్సర్ వేరే లైన్లోకి దూకుతుంటే, అది మీ అరచేతి పని.

అయిదు నిమిషాల్లో తేలిపోయేవి

మొదట ఛార్జర్ పీకండి. మౌస్, డాంగిల్, హబ్, ఏవేవి గుచ్చి ఉన్నాయో అన్నీ తీసేయండి. వైర్‌లెస్ మౌస్ కోసం పోర్టులో గుచ్చే డాంగిల్‌ని చాలామంది మర్చిపోతారు. గోరంత ఉంటుంది, నెలల తరబడి పోర్టులోనే ఉండిపోతుంది. మౌస్ కలిపి ఉన్నప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోవాలన్న సెట్టింగ్ పెట్టి ఉంటే, మౌస్ పక్కింట్లో ఉన్నా సరే, ఆ డాంగిల్‌ని చూసి విండోస్ టచ్‌ప్యాడ్‌ని ఆపేయొచ్చు.

తర్వాత పై వరసలోని ఫంక్షన్ కీలు చూడండి. చిన్న దీర్ఘచతురస్రం, దాని మీద వేలి బొమ్మో, అడ్డగీతో ఉన్న కీ ఉందా? ఎఫ్5, ఎఫ్6, ఎఫ్7, ఎఫ్9, ఇలా మోడల్‌ని బట్టి మారుతుంది. ఎఫ్ఎన్ కీతో కలిపి ఒకసారి నొక్కి, రెండు సెకన్లు ఆగి, కదిలించి చూడండి. వాల్యూమ్ పెంచబోయి దాన్ని నొక్కేయడం ఎవరికైనా జరిగేదే. వరసబెట్టి నాలుగైదుసార్లు నొక్కకండి. ఆన్ చేశారో ఆఫ్ చేశారో మీకే గుర్తుండదు. కొన్ని పాత మోడళ్లలో టచ్‌ప్యాడ్ ఎడమవైపు పై మూలలో చిన్న చుక్కో, లైటో ఉంటుంది. అక్కడ రెండుసార్లు తడితే టచ్‌ప్యాడ్ ఆగుతుంది, మళ్లీ తడితే మొదలవుతుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ మీద 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి తుడవండి. నేరుగా ప్యాడ్ మీద కొట్టకూడదు, అంచుల సందులోంచి లోపలికి దిగుతుంది. మధ్యలో కన్నా అంచుల వెంబడి ఎక్కువ శ్రద్ధ పెట్టండి, జిడ్డు పేరుకునేది అక్కడే. చేతులకి లోషన్ రాసుకుని వెంటనే కూర్చునే అలవాటుంటే అది కూడా ఒక కారణమే. ప్యాడ్ మీద స్టిక్కరో, ప్రొటెక్టరో అతికించి ఉంటే పీకేసి చూడండి. దాని కింద చిన్న గాలి బుడగ చేరినా స్పర్శ సరిగ్గా అందదు.

తెరని వెనక్కి మడిచి ట్యాబ్లెట్‌లా వాడే ల్యాప్‌టాప్‌లకి ఇంకో వింత ఉంది. తెర మడత పడగానే కీబోర్డు, టచ్‌ప్యాడ్ వాటంతట అవే ఆగిపోతాయి. ఎంత మడిచారో చాలావాటిలో అయస్కాంత సెన్సర్లు కనిపెడతాయి. అందుకని అయస్కాంతం ఉన్న ఫోన్ కవరో, వాచీ పట్టీయో పక్కన పెట్టినా మోసపోవచ్చు. చుట్టుపక్కల సామానంతా జరిపి, తెరని ఒకసారి మూసి తెరవండి.

చివరగా రీస్టార్ట్. షట్ డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు విండోస్ షట్ డౌన్‌లో పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని, డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచుకుని, మళ్లీ ఆన్ చేయగానే అదే తిరిగి తెచ్చుకుంటుంది. తప్పు కూడా అలాగే తిరిగొస్తుంది. రీస్టార్ట్ చేస్తే అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది.

దానికీ లొంగకపోతే మిగిలిన కరెంటు దించేయండి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ బయటికి వచ్చే పాత రకమైతే దాన్ని కూడా తీసి ఈ పని చేయండి. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది గానీ, టచ్‌ప్యాడ్ చిప్ ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటే దీనితోనే తేరుకుంటుంది. అలా తేరుకున్నవి నేనే చూశాను.

సెట్టింగ్స్‌లో ఆ పేజీ ఉందా, లేదా?

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి బ్లూటూత్ అండ్ డివైజెస్‌లోకి వెళ్లండి. విండోస్ 10 అయితే డివైజెస్‌లోకి. అక్కడ “టచ్‌ప్యాడ్” అనే పేజీ కనిపించాలి.

కనిపిస్తే సంతోషం. విండోస్‌కి టచ్‌ప్యాడ్ ఉన్న సంగతి తెలుసు. లోపల ఇవి చూసుకోండి. పెద్ద స్విచ్ ఆన్‌లో ఉండాలి. దాన్ని విప్పితే “మౌస్ కలిపినప్పుడు కూడా టచ్‌ప్యాడ్ ఆన్‌లో ఉంచు” అనే అర్థం వచ్చే టిక్ బాక్స్ ఉంటుంది, అది పెట్టండి. ట్యాప్స్ అనే విభాగంలో సెన్సిటివిటీ నాలుగు మెట్లలో ఉంటుంది. టైప్ చేసేటప్పుడు కర్సర్ దూకే వాళ్లు దాన్ని “మీడియమ్”కో, “లో”కో దించండి. వేళ్లు తేలిగ్గా ఆనించే వాళ్లకి స్పందన తక్కువ అనిపిస్తే పైకి జరపండి. అక్కడే ఒక వేలితో తడితే క్లిక్, రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్ అనే టిక్‌లూ ఉంటాయి. ఎన్నో రకాలుగా మార్చేసి ఎక్కడున్నారో తెలియకపోతే, రీసెట్ బటన్ నొక్కి మొదటికి రండి.

ఆ పేజీ అసలు కనిపించకపోతే? లేదా ఉన్నా ఖాళీగా ఉంటే? దానికి రెండు అర్థాలున్నాయి. మీది ప్రిసిషన్ టచ్‌ప్యాడ్ కాని పాత రకం కావచ్చు. 2013లో విండోస్ 8.1తో మైక్రోసాఫ్ట్ ఈ ప్రిసిషన్ పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి వేళ్ల సైగలని అర్థం చేసుకునే పని విండోసే చూసుకోవడం మొదలైంది. అంతకుముందు సినాప్టిక్స్, ఎలాన్, ఆల్ప్స్ లాంటి తయారీదారుల సాఫ్ట్‌వేరే ఆ పని చేసేది. ఆ రకమైతే కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిచి, చివరి ట్యాబ్‌లో చూడండి. అన్నీ అక్కడుంటాయి. అక్కడ కూడా లేకపోతే రెండో అర్థమే మిగిలింది. డ్రైవర్ లేదు, లేదా ప్యాడ్ నుంచి సమాధానం రావడం లేదు.

డ్రైవర్ల సంగతి

డివైజ్ మేనేజర్‌లో రెండు చోట్ల వెతకాలి. ఒకటి “మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైజెస్”. రెండోది “హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైజెస్”. కొత్త ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ ఈ రెండో చోటే ఉంటుంది, “హెచ్‌ఐడీ కంప్లయంట్ టచ్‌ప్యాడ్” అనో, “ఐ2సీ హెచ్‌ఐడీ డివైజ్” అనో. చాలామంది మొదటి చోట వెతికి, లేదని కంగారు పడతారు.

గుర్తు మీద కిందికి చూసే చిన్న బాణం ఉంటే దాన్ని ఎవరో డిసేబుల్ చేశారు. షిఫ్ట్, ఎఫ్10 నొక్కి ఎనేబుల్ చేస్తే సరి. పసుపు త్రికోణం ఉంటే ఎంటర్ నొక్కి లోపలికి వెళ్లి కోడ్ చదవండి. కోడ్ 10 అంటే పరికరం మొదలవలేకపోయిందని.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐ2సీ అనేది టచ్‌ప్యాడ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారి. ఆ దారికి డ్రైవర్ లేకపోతే టచ్‌ప్యాడ్ డ్రైవర్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. బండి బాగానే ఉంది, రోడ్డే లేదు. విండోస్ కొత్తగా ఎక్కించాక టచ్‌ప్యాడ్ పోయిందంటే తరచుగా జరిగేది ఇదే. ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే సీరియల్ ఐఓ డ్రైవర్, ఏఎండీ అయితే చిప్‌సెట్ డ్రైవర్ ముందు వేయాలి. విండోస్ ఎక్కించే దశలోనే టచ్‌ప్యాడ్ పలకకపోతే కూడా గాభరా పడకండి, కారణం ఇదే కావచ్చు. ఆ పనికి కూర్చునేటప్పుడు ఒక యూఎస్‌బీ మౌస్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

డ్రైవర్ పని ఈ వరసలో చేయండి. మెట్టు మెట్టుకీ రీస్టార్ట్ చేసి చూడండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

1. నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత పాడైతే, టచ్‌ప్యాడ్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి “రోల్ బ్యాక్ డ్రైవర్” నొక్కండి. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదని అర్థం.
2. “అన్‌ఇన్‌స్టాల్ డివైజ్” నొక్కి రీస్టార్ట్ చేయండి. విండోస్ మళ్లీ కనిపెట్టి తన దగ్గరున్న డ్రైవర్ వేస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేయాలా అని అడిగే టిక్ ఒకటి వస్తుంది. కొత్త డ్రైవర్ ముందే దించి పెట్టుకుని ఉంటేనే దాన్ని పెట్టండి.
3. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్ తెరవండి. డ్రైవర్లు ఏవైనా అక్కడ ఎదురు చూస్తుండొచ్చు.
4. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ సీరియల్ నంబరు ఇచ్చి, చిప్‌సెట్, సీరియల్ ఐఓ, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు మూడూ దించుకోండి. ఆ వరసలోనే వేయండి.
5. నిద్ర లేచాక పనిచేయని రకమైతే, ఐ2సీ హెచ్‌ఐడీ డివైజ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ వెతకండి. పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చని కంప్యూటర్‌కి అనుమతిచ్చే టిక్ ఉంటే తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు.

“మీ డ్రైవర్లన్నీ మేమే అప్‌డేట్ చేస్తాం” అని చెప్పే సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఒకటి బాగు చేయబోయి మూడు చెడగొట్టే సరుకు అది.

తప్పు సాఫ్ట్‌వేర్‌దా, యంత్రానిదా? తేల్చే పరీక్ష

ఇంతవరకూ ఏదీ పనిచేయలేదంటే, ఇంకో డ్రైవర్ వెతకడం ఆపి అసలు విషయం తేల్చుకోవాలి.

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2, డిలీట్, ఎఫ్10, ఎస్కేప్‌లలో మీ మోడల్‌కి తగిన కీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగ్స్ తెరలోకి, వెళ్లండి. రెండు పనులున్నాయి. “ఇంటర్నల్ పాయింటింగ్ డివైజ్” అనో “టచ్‌ప్యాడ్” అనో ఉన్న వరస ఎనేబుల్డ్‌లో ఉందో లేదో చూడాలి. అక్కడ మౌస్ బాణం కనిపిస్తుంటే, టచ్‌ప్యాడ్‌తో కదిలించి చూడాలి. కదిలితే యంత్రంలో లోపం లేదు, గొడవంతా విండోస్‌ది. కదలకపోతే మాత్రం వెంటనే తీర్పు ఇవ్వకండి. కొన్ని బయోస్‌లకి టచ్‌ప్యాడ్ వాడటమే రాదు.

బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తొందరపడొద్దు. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే తర్వాత దాని రికవరీ కీ అడగొచ్చు, డిస్క్ మోడ్ మారిపోతే విండోస్ తెరుచుకోకపోవచ్చు. కీ రాసిపెట్టుకుని, ఇప్పుడున్న సెట్టింగ్స్‌ని ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాకే ఆ పని చేయండి.

అంతకన్నా నమ్మకమైన పరీక్ష లైవ్ యూఎస్‌బీ. ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాన్నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా “ట్రై” అన్నది ఎంచుకోండి. మీ డిస్క్ మీద ఏదీ మారదు. అక్కడ టచ్‌ప్యాడ్ నిక్షేపంలా పనిచేస్తే విండోస్‌నే సరిచేసుకోవాలి, స్క్రూడ్రైవర్‌తో పనిలేదు. అక్కడా చలించకపోతే లోపల తీగో, ప్యాడో పోయిందని దాదాపు నిర్ధారించుకోవచ్చు. నేను విండోస్ చెరిపేసిన ఆ రోజు ఈ పరీక్ష చేసినా నా ఆదివారం మిగిలేది.

మ్యాక్ వాడేవాళ్లకి రెండు మాటలు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో పాయింటర్ కంట్రోల్ చూడండి. మౌస్ గానీ వైర్‌లెస్ ట్రాక్‌ప్యాడ్ గానీ ఉంటే సొంత ట్రాక్‌ప్యాడ్‌ని పట్టించుకోవద్దనే ఆప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. ఇంకోటి, 2015 నుంచి వచ్చిన ఫోర్స్ టచ్ ట్రాక్‌ప్యాడ్ నిజానికి కిందికి నొక్కుకోదు. వేలు నొక్కినప్పుడు లోపలి చిన్న మోటారు లాంటిది కదిలి క్లిక్ అన్న భ్రమ కలిగిస్తుంది. మ్యాక్ ఆఫ్‌లో ఉన్నప్పుడు క్లిక్ రాకపోతే అది పాడైనట్టు కాదు.

ఛార్జర్ పెట్టినప్పుడే వణికితే

బ్యాటరీ మీద వెన్నలా జారే కర్సర్, ఛార్జర్ గుచ్చగానే చలిజ్వరం వచ్చినట్టు వణికితే కారణం ఎర్తింగ్. ఛార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కాస్తంత కరెంటు ల్యాప్‌టాప్ బాడీ మీదికి వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది అటు పోతుంది. లేకపోతే బాడీ మీదే ఉండిపోతుంది. వేలు కలిగించే మార్పు అసలే రవ్వంత, ఆ గోలలో చిప్‌కి అది సరిగ్గా వినపడదు.

పరీక్ష తేలిక. కర్సర్ వణుకుతుండగా, రెండో చేతి అరచేతిని ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద పూర్తిగా ఆనించండి. వణుకు తగ్గిందంటే దొంగ దొరికినట్టే. లోహపు బాడీ మీద వేలి వెనకవైపుతో మెల్లగా నిమిరితే జుమ్మని గరుకుగా తగలడం కూడా ఇదే గుర్తు.

మూడు పిన్నుల ఛార్జర్‌ని ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో తగిలిస్తే ఎర్త్ తెగిపోయినట్టే. వేరే సాకెట్‌లో, వేరే గదిలో కూడా పెట్టి చూడండి. అన్నిచోట్లా వణికితే ఛార్జరే మార్చాలి. అసలుది లేదా దానితో సమానమైన మంచి రకం కొనండి. ముట్టుకుంటే జుమ్మనడం దాటి షాక్‌లా కొడుతుంటే, అది టచ్‌ప్యాడ్ సమస్య కాదు. ఆ ఛార్జర్ వాడకం అప్పుడే మానేసి సాకెట్‌ని ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

క్లిక్ గట్టిపడితే: బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి

చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఉండేది సరిగ్గా అరచేతులు ఆనే చోటు కింద, టచ్‌ప్యాడ్‌ని ఒరుసుకుని. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడినా, ఎక్కువగా వేడెక్కినా లోపలి రసాయనాలు విడిపోయి గ్యాస్ పుడుతుంది. సెల్ రేకు సంచిలా మూసి ఉంటుంది కాబట్టి ఆ గ్యాస్‌కి దారి లేక, సంచి ఉబ్బి, పైనున్న టచ్‌ప్యాడ్‌ని కిందినుంచి నెడుతుంది.

ఒక స్నేహితుడు “క్లిక్ బటన్ పోయింది, డ్రైవర్ వేసి పెట్టు” అని ల్యాప్‌టాప్ తెచ్చాడు. నొక్కితే రాయిని నొక్కినట్టుంది. కర్సర్ మాత్రం శుభ్రంగా తిరుగుతోంది. ఒక స్టీలు స్కేలు తీసుకుని, దాని అంచుని టచ్‌ప్యాడ్ మీద అడ్డంగా నిలబెట్టి, కంటిని ఆ ఎత్తుకి దించి చూశాను. స్కేలు మధ్యలో ఆనింది, రెండు చివర్లా కింది నుంచి వెలుతురు కనబడుతోంది. ప్యాడ్ అరిసెలా పొంగింది. మూత మూస్తే ఒక పక్క సన్నటి సందు. బల్ల మీద పెట్టి ఒక మూల తడితే కుంటి కుర్చీలా ఊగింది. ఇక స్విచ్ వేయకుండా అక్కడికక్కడే పక్కన పెట్టించాను.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా చేయాల్సింది ఇది: ఫైళ్లు కాపీ చేసుకోవాలన్న ఆశ కూడా వదిలి వెంటనే ఆఫ్ చేయండి, ఛార్జర్ తీసేయండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. ఉబ్బుని చేత్తో నొక్కి లోపలికి పంపాలని చూడకండి. సూది పెట్టి గ్యాస్ తీయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, సెల్‌కి చిల్లు పడితే మంట అంటుకుంటుంది. పరుపు, కాగితాలు లాంటి అంటుకునే వాటికి దూరంగా గట్టి నేల మీద పెట్టి, సర్వీస్ వాళ్లకి ముందే సంగతి చెప్పి తీసుకెళ్లండి. పాత బ్యాటరీ చెత్తబుట్టలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. బ్యాటరీ మార్చాక, పలక వంగిపోకుండా ఉంటే, క్లిక్ దానంతటదే వచ్చేస్తుంది. డేటా డిస్క్‌లో క్షేమంగానే ఉంటుంది.

బ్యాటరీ బాగానే ఉండి క్లిక్ ఇబ్బంది పెడుతుంటే కారణం చిన్నదే కావచ్చు. విడి బటన్లు లేని టచ్‌ప్యాడ్‌లలో చాలావాటికి పై అంచున మడత, కింది అంచున స్విచ్ ఉంటాయి. అందుకే పైభాగంలో నొక్కితే క్లిక్ రాదు. దాని తయారీయే అంత, జబ్బు కాదు. కింది భాగంలోనూ ఒకవైపే నొక్కుకుంటే సందులో ఏదో నలకో, తిండి తునకో ఇరుక్కుని ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, బోర్లా వంచి, కంప్రెస్డ్ ఎయిర్‌ని అంచుల వెంట చిన్న చిన్న ఊదులుగా కొట్టండి. స్విచ్ అరిగిపోయినట్టుంటే, మార్చేదాకా ట్యాప్‌తో క్లిక్ చేసే సెట్టింగ్ పెట్టుకుని నెట్టుకురావచ్చు. నిజానికి అలాగే అలవాటైపోయి మార్చడం మానేసేవాళ్లే ఎక్కువ.

మూత విప్పాల్సి వస్తే

లైవ్ యూఎస్‌బీ పరీక్షలో కూడా ఓడిపోయి, బ్యాటరీ ఉబ్బకుండా, వారంటీ కూడా అయిపోయి ఉంటేనే ఇక్కడికి రండి. వారంటీ ఉంటే విప్పొద్దు, వాళ్లకే ఇచ్చేయండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తయారీదారు సైట్‌లో ఉందేమో ముందు చూడండి. కొన్ని మోడళ్లలో టచ్‌ప్యాడ్ తీగ కింది మూత తీయగానే కనిపిస్తుంది, కొన్నిటిలో బ్యాటరీ కింద దాక్కుని ఉంటుంది.

ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, కింది స్క్రూలు విప్పండి. పొడుగువి, పొట్టివి కలిసి ఉంటాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసుకుని ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ పెట్టుకుంటూ పోండి. పొడుగు స్క్రూని పొట్టి దాని చోట బిగిస్తే పైకి పొడుచుకొచ్చి కొత్త చిక్కు తెస్తుంది. మూతని పాత ప్లాస్టిక్ కార్డుతో చుట్టూ మెల్లగా లేపండి, టక్ టక్‌మని లాకులు ఊడతాయి. లోపలికి చెయ్యి పెట్టగానే మొదటి పని, బ్యాటరీ కనెక్టర్‌ని మదర్‌బోర్డు నుంచి తీసేయడం. ఇది చేయకుండా ఇంకేదీ ముట్టుకోకండి.

టచ్‌ప్యాడ్ నుంచి వచ్చేది రిబ్బన్‌లా చదునుగా ఉండే తీగ. అది వెళ్లి ఒక సన్నటి కనెక్టర్‌లో దూరుతుంది. ఆ కనెక్టర్‌కి నల్లగానో, తెల్లగానో గోరుకన్నా సన్నటి రెక్క ఉంటుంది. దాన్ని గోటితో నిలువుగా లేపితే తీగ దానంతటదే వదులవుతుంది. రెక్క లేపకుండా లాగితే కనెక్టర్ విరుగుతుంది, అప్పుడు మదర్‌బోర్డుకే రిపేరు పడుతుంది. కొన్నిటిలో రెక్క పైకి లేవదు, బయటికి జరుగుతుంది. ఎటు కదులుతుందో వెలుతురులో చూసుకున్నాకే చెయ్యి వేయండి.

తీగ చివరి మెరిసే గీతలు చూడండి. మసకబారి ఉంటే ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. మడత దగ్గర తెల్లటి గీతో, చిరుగో ఉంటే తీగ మార్చాలి. అంతా బాగుంటే మళ్లీ నిటారుగా దూర్చండి. తీగ మీది అడ్డగీత కనెక్టర్ అంచుకి సమాంతరంగా రావాలి, వంకరగా ఉంటే దూరనట్టే. తర్వాత రెక్కని కిందికి నొక్కేయండి. ఎక్కడో ఎత్తేసినప్పుడో, కింద పడినప్పుడో ఈ తీగ కొంచెం సడలి, టచ్‌ప్యాడ్ మొత్తం చచ్చిపోయినట్టు కనిపించడం మామూలే. తీసి పెట్టడంతోనే బతికొస్తే మీ పంట పండినట్టు.

తీగ బాగుండీ పనిచేయకపోతే ప్యాడే మార్చాలి. మోడల్ పేరు చూసి కొనేయకండి, ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యాడ్‌లు వాడతారు. పాత దాని వెనక అతికించిన పార్ట్ నంబరు ఫొటో తీసి, అదే నంబరుతో తెప్పించండి. స్క్రూలతో బిగించినదైతే ఇంట్లోనే మార్చుకోవచ్చు. జిగురుతో అతికించినదో, పై ఫ్రేమ్‌తో కలిసి వచ్చేదో అయితే చేయి తిరిగినవాళ్లకి వదిలేయడం నయం.

స్క్రూలన్నీ బిగించే ముందు ఒక్క నిమిషం ఆగండి. బ్యాటరీ కనెక్టర్ మళ్లీ పెట్టి, మూతని రెండు స్క్రూలతో నిలబెట్టి, ల్యాప్‌టాప్‌ని తిప్పి ఆన్ చేయండి. కర్సర్‌ని నాలుగు మూలలకీ తీసుకెళ్లండి, రెండు వేళ్లతో స్క్రోల్ చేయండి, కుడి క్లిక్, ఎడమ క్లిక్ నొక్కి చూడండి, ఒకసారి నిద్రపుచ్చి లేపండి. అన్నీ పలికితే ఆఫ్ చేసి, తిప్పి, మిగతా స్క్రూలు బిగించండి.